ఐనెజ్ కార్వెల్ సరసన

ఐనెజ్ కార్వెల్ పోయిన మర్నాడు లాస్ ఏంజెలెస్ పేపరువాళ్ళు సగం పేజీ ఆవిడకి కేటాయించారు. పైన ఆవిడ బొమ్మ. కింద వరసగా తొమ్మిది మంది మగవాళ్ళ బొమ్మలు. "ఐనెజ్ కార్వెల్ సరసన నటించిన కథానాయకులు" అని పెద్ద అక్షరాలు. తొమ్మిది మందీ గడ్డం కాస్త పైకెత్తి ఎడమ పక్కకి చూస్తున్నారు, అటువైపు ఎవరో తమని పొగుడుతున్నట్టు.

ఆ తొమ్మిది తలల్లో ఆరింటికి విగ్గు అంటించింది నేనే. నా పేరు ఓపల్ స్టెట్జ్. ఇరవై రెండేళ్ళు స్టూడియోలో జుట్టు పని చేశాను. మగవాడి తల వెనకాల నిలబడి జిగురు రాసేదానికి అతని గురించి అతని పెళ్ళానికి కూడా తెలియనివి తెలుస్తాయి. ఆ తొమ్మిది మందిలో ఒకడు అద్దంలో తనని చూసుకుని "ఏవోయ్" అని పలకరించుకునేవాడు. ఒకడు ముద్దు సీను ఉందని తెలిసిన రోజున పచ్చి ఉల్లిపాయలు తిని వచ్చేవాడు, ఐనెజ్ ఎక్కువ టేకులు అడగకుండా. ఒకడికి మూడు వాక్యాలు వరసగా గుర్తుండేవి కావు. పలకల మీద రాసి ఐనెజ్ భుజం వెనకాల పట్టుకునేవాళ్ళు. జనం అతను ఆమె భుజాన్ని తమకంగా చూస్తున్నాడనుకునేవారు.

ఐనెజ్‌కి పేరు తెచ్చిన సినిమాల్లో ఆవిడ మొహం దగ్గరగా కనిపించినప్పుడల్లా ఆవిడ కళ్ళెదుట ఉన్నది వీళ్ళెవరూ కాదు. హుల్డా ప్రూయిట్ అనే నలభై ఏళ్ళ ఆడమనిషి.

హుల్డాది నెబ్రాస్కా. మొక్కజొన్న చేల మధ్య పుట్టింది. చిన్న బడిలో పాఠాలు చెప్పేది. వాళ్ళమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేస్తే, ఎండ ఉన్న చోటికి తీసుకెళ్ళమని డాక్టరు చెప్పాడని కాలిఫోర్నియా తీసుకొచ్చింది. రెండేళ్ళకి ఆ తల్లి పోయింది. హుల్డా ఇక్కడే ఉండిపోయి, టైపు వచ్చు కాబట్టి మా స్టూడియోలో చేరింది. మాటల సినిమాలు వచ్చాక ఆమెకి సెట్లో కూర్చుని కంటిన్యుయిటీ రాసే పని ఇచ్చారు. ఏ షాట్లో ఎవరు ఏ చేత్తో కప్పు పట్టుకున్నారు, సిగరెట్టు ఎంత కాలింది, ఎవరు ఏ మాట తప్పు పలికారు, అన్నీ రాసుకోవాలి. బోలెడంత ఎత్తు మనిషి. మందపాటి కళ్ళద్దాలు, చెవి వెనకాల పెన్సిలు. గొంతు మాత్రం మగవాళ్ళ గొంతులా కిందిస్థాయిలో, నిదానంగా ఉండేది.

మేమిద్దరం ఒకే అద్దె ఇంట్లో పక్కపక్క గదుల్లో ఉండేవాళ్ళం. నేను నోరు మూయను, అది నోరు తెరవదు. స్నేహం బాగానే కుదిరింది.

ముప్ఫై మూడులో ఐనెజ్ పక్కన వారెన్ థేయర్ హీరో. తెర మీద పెద్ద ప్రేమికుడు. పొద్దున్న అతని మొహం మీద తీయాల్సినవన్నీ తీసేవారు. మధ్యాహ్నం కెమెరా తిప్పి ఐనెజ్ మొహం మీద పెట్టేవారు. అప్పుడు అతను కనపడక్కర్లేదు, కానీ కెమెరా పక్కన నిలబడి తన మాటలు తను చెప్పాలి. లేకపోతే ఆవిడ గోడతో మాట్లాడాలి. పాపం నిలబడడానికి థేయర్‌కి కాళ్ళు నొప్పులు. ఒకరోజు మూడు గంటలకి కోటు వేసుకుని, "నా పని అయిపోయిందిగా, ఎవరిచేతైనా చదివించండి" అని పోలో ఆటకి వెళ్ళిపోయాడు.

అసిస్టెంటు కుర్రాడొకడు చదివాడు. "నిన్ను వదిలి బతకలేను" అన్న మాట వాడి నోట్లో కిరాణా జాబితాలా వచ్చింది. ఐనెజ్ నవ్వు ఆపుకోలేకపోయింది. డైరెక్టరు బ్రాంట్ తల పట్టుకుని, "హుల్డా, నువ్వు చదువమ్మా, కనీసం తప్పుల్లేకుండా చదువుతావు" అన్నాడు.

హుల్డా ఒక చెక్క డబ్బా బోర్లించుకుని, కెమెరాకి ఆనుకుని కూర్చుని చదివింది. ఏమీ నటించలేదు. మాట చెప్పి ఆగింది. ఐనెజ్ బదులు చెప్తున్నంతసేపూ ఆమె మొహం వంకే చూస్తూ ఉంది. మొదటి టేకే ఓకే అయింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడయ్యేసరికి హీరోలందరూ మాయం. చదువుతావా అని హుల్డాని ఎవరూ అడగనే లేదు. ఎవరూ థాంక్స్ కూడా చెప్పలేదు. తమ నీడ తమ బదులు పనిచేస్తే ఎవరైనా నీడకి దణ్ణం పెడతారా?

ఎనిమిదేళ్ళలో ఏడు సినిమాలు అలాగే జరిగాయి. ఐనెజ్ ప్రతి సినిమాకీ హుల్డాయే కావాలని అడిగి మరీ పెట్టించుకునేది.

నలభై ఒకటిలో హీరో గిల్ మేడక్. ఆవిడతో అది అతని రెండో సినిమా. అంతకుముందు గుర్రాల సినిమాలు చేసి పైకొచ్చినవాడు. ఎద్దు మెడ, తేనె గొంతు, బూట్ల లోపల రెండంగుళాల మడమ. ఎవరైనా తనతో మాట్లాడుతుంటే వాళ్ళ కళ్ళలో తన ప్రతిబింబం చూసుకునే రకం.

సినిమా చివర్లో రైల్వే స్టేషను సీను. మొగుడు యుద్ధానికి వెళ్తూ, "నువ్వు చదవడం మానేసేదాకా ఉత్తరాలు రాస్తూనే ఉంటాను" అంటాడు. ఆవిడ ఏమీ అనదు. చూస్తుంది, అంతే. ఫిబ్రవరి నెల. మేడక్ తన షాట్లు అవగొట్టుకుని శాంటా అనితాలో గుర్రప్పందేల రేసులకి పోయాడు. హుల్డా డబ్బా మీద కూర్చుని ఆ వాక్యం చెప్పింది. ఐనెజ్ మొహంలో ఏం జరిగిందో నాకు చెప్పడం రాదు. పైన దీపాల దగ్గర కూర్చున్న ఎలక్ట్రీషియన్, ఆరడుగుల ఐరిష్ మనిషి, ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఎండాకాలంలో పాసడెనాలో జనానికి ముందుగా ఒక ఆట వేసి చూపించారు. హాలంతా వెక్కివెక్కి ఏడుపు. మేడక్ కూడా అక్కడే ఉన్నాడు. మామూలుగా అతను తెర మీద తన మొహం ఉన్నంతసేపే చూసి, మిగతా టైములో గోళ్ళు చూసుకునేవాడు. ఆ రోజు ఎందుకో తలెత్తి ఐనెజ్ మొహం చూశాడు. ఆ చూపంతా తన మీదేనని అనుకున్నాడు.

వారం తిరక్కుండా పెళ్ళాం జూన్‌ని వదిలేసి హోటల్లో దిగాడు. ఆదివారం పొద్దున్న గార్డినియా పూలు పట్టుకుని ఐనెజ్ ఇంటికొచ్చాడు. నేను ఆవిడ తలంటుతున్నాను. నురగ తలతోనే రమ్మంది లోపలికి.

"ఐనెజ్, నేను అన్నీ వదిలేసి వచ్చేశాను."

"ఏం వదిలేశావ్?"

"జూన్‌ని."

"అయ్యో, ఎందుకూ?"

"నాటకాలొద్దు. నువ్వు నన్ను చూసిన చూపు పాసడెనాలో చూశాను. అలాంటి చూపు నటిస్తే రాదు."

ఐనెజ్ నా చేతుల్లోంచి తల లాక్కుని అతని వైపు తిరిగింది. "ఆ షాట్ తీసినప్పుడు నువ్వెక్కడున్నావ్ గిల్?"

"ఎక్కడేంటి, సెట్లో."

"మధ్యాహ్నం మూడింటికి?"

మేడక్ ఆలోచించాడు. ఆలోచన అతని నుదుటి మీద పాకుతూ పోవడం కనిపించింది. "రేసుల్లో" అన్నాడు చివరికి.

"మరి నేను చూసింది హుల్డాని."

"హుల్డా ఎవరు?"

రెండు సినిమాలు! నాలుగు నెలలు రోజూ ఆమె పక్కనే కూర్చుని కాఫీ తాగాడు. నేను ఉండబట్టలేక, "ఆ పొడుగావిడ, కళ్ళద్దాలు. మీరు మాట మర్చిపోయినప్పుడల్లా అందించేది" అన్నాను.

అతని మెడ ఎర్రబడింది. ఐనెజ్‌కి నవ్వొచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆపుకోలేకపోయింది, నురగ కళ్ళలోకి కారుతున్నా. అతను పూలు కుర్చీలో పడేసి వెళ్ళిపోయాడు. జూన్ మళ్ళీ ఇంట్లోకి రానిచ్చిందని తర్వాత విన్నాను. ఏం తక్కువై రానిచ్చిందో ఆవిడకే తెలియాలి!

కాస్త సిగ్గున్నవాడైతే అక్కడితో ఊరుకునేవాడు. మేడక్ ఆఫీసుకి వెళ్ళి, ఆ కళ్ళద్దాల మనిషి సెట్లో ఉంటే తనకి చిరాకని, వచ్చే సినిమాలో ఉండకూడదని చెప్పాడు. ఆ ఏడాది అతని బొమ్మలు బాగా ఆడుతున్నాయి. ఆఫీసువాళ్ళు హుల్డాకి ఉద్యోగం లేదన్నారు.

నేను ఆ మర్నాడే ఐనెజ్‌కి చెప్పాను. ఆవిడ అద్దంలో కనుబొమలు చూసుకుంటోంది.

"అవునా? పాపం" అంది.

"మీరొక్క మాట చెప్తే తీసుకుంటారు కదమ్మా."

"ఒక్క సినిమాయే కదా ఓపల్. దీని తర్వాత మళ్ళీ అడుగుతాలే. ఇప్పుడు గొడవెందుకు?"

చేతిలో దువ్వెన ఉంది. ఆ తల మీద ఒక్కటి పెట్టాలనిపించింది. పెట్టలేదు. పక్కపాపిడి తీశాను.

హుల్డా మాత్రం ఏడవలేదు. బల్ల సొరుగులోంచి తన స్టాప్‌వాచీ, పెన్సిళ్ళు తీసుకుంది. "బర్‌బాంక్‌లో విమానాల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళని తీసుకుంటున్నారటే" అంది బస్సు కోసం నిలబడి. డిసెంబరు నెల, మన దేశం అప్పుడే యుద్ధంలోకి దిగింది. నెలలోపల అక్కడ చేరి, రెక్కలకి కొట్టిన రివెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పనిలో పడింది. ఫ్యాక్టరీకి దగ్గరని చిన్న ఇల్లు కూడా అద్దెకి తీసుకుంది.

ఇక్కడ కొత్త సినిమా మొదలైంది. ఐనెజ్ మొహం దగ్గరగా తీసే షాట్లకి మేడక్ తనే నిలబడతానన్నాడు, ఏదో త్యాగం చేస్తున్నవాడిలా. కెమెరా తన మీద లేకపోయినా నన్ను పిలిచి విగ్గు సర్దించుకున్నాడు. తన మీద ఒక దీపం కూడా వెయ్యమన్నాడు. వేశారు! కెమెరా పక్కన నిలబడి, దాని అద్దంలో తనని చూసుకుంటూ మాటలు చెప్పాడు.

ఐనెజ్ మొహం పలక మీద నీళ్ళు పోసి తుడిచినట్టు ఉంది. ఏమీ లేదు. మొదటి రోజు పదకొండు టేకులు. రెండో రోజు పంతొమ్మిది. బ్రాంట్ అతన్ని సూటు కొలతలకని పంపించి, అసిస్టెంటుతో చదివించాడు, కొత్తగా చేరిన కంటిన్యుయిటీ అమ్మాయితో చదివించాడు, చివరికి తనే చదివాడు. మూడో రోజు ఐనెజ్ ఏడ్చింది. ఏడవాల్సిన సీను కాదది.

బ్రాంట్ నా దగ్గరికొచ్చి, "ఆ నెబ్రాస్కా ఆవిడ ఎక్కడుంటోంది?" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఇద్దరం బర్‌బాంక్ వెళ్ళాం. హుల్డా ఏప్రన్ కట్టుకుని గుడ్లు వేయిస్తోంది. మిషన్లలో పడకుండా జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎవరు కత్తిరించారో గానీ నాకు చూడబుద్ధి కాలేదు.

"కూర్చోండి బ్రాంట్ గారూ. నాకు రెండింటికి డ్యూటీ. గుడ్లు తింటారా?"

బ్రాంట్ టోపీ చేతుల్లో తిప్పుతూ విషయం చెప్పాడు. హుల్డా పెనం దించి, చేతులు తుడుచుకుని, ఆయన తెచ్చిన కాగితాలు చదివింది.

"ఈ రెండో వాక్యం తీసెయ్యండి. మొదట్లో చెప్పిందే మళ్ళీ చెప్తున్నాడు."

"తీసేస్తాం. వస్తావా?"

"గురువారం సెలవు నాకు. ఒక్క గంట వస్తాను. కానీ మేడక్ గారు కూడా ఉండాలి. నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి."

నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళకి దీనికి పగ తీర్చుకోవాలని బుద్ధి పుట్టిందనుకున్నాను. గురువారం కోసం పండగలా ఎదురుచూశాను.

గురువారం హుల్డా ఫ్యాక్టరీ బిళ్ళ చొక్కాకి తగిలించుకుని వచ్చింది. ఐనెజ్ ఎదురొచ్చి, "హుల్డా! ఎలా ఉన్నావ్?" అంది, సెలవులకి వెళ్ళొచ్చినవాళ్ళని అడిగినట్టు.

"బాగున్నానమ్మా. కిందటి షాట్ ఫొటో గోడ మీద చూశాను. మీ చెవులకి అప్పుడు పోగుల్లేవు" అంది హుల్డా. కొత్తమ్మాయి గతుక్కుమని కాగితాలు తిరగేసింది. ఐనెజ్ పోగులు తీసి నా చేతిలో పెట్టింది.

మేడక్ కుర్చీలో కాళ్ళు చాపుకుని, పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. హుల్డా డబ్బా మీద కూర్చుంది. మాట చెప్పింది. ఆగింది. ఐనెజ్ మొహంలోకి రక్తం వచ్చింది, ప్రాణం వచ్చింది. ఒక్క టేకు. బ్రాంట్ కట్ చెప్పడం కూడా కాసేపు మర్చిపోయాడు.

నేను మేడక్ మొహమే చూస్తున్నాను, అవమానంతో ఎలా మాడిపోతుందో చూడాలని. మాడలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. తెలివి ఉన్నట్టు కనిపించింది, మొట్టమొదటిసారి.

"ఏం చేశావు నువ్వు?" అన్నాడు హుల్డాతో.

"ఏం చెయ్యలేదండీ. ఆవిడ చెప్పేది అయ్యేదాకా విన్నాను."

"అంతేనా?"

"అంతే. మీరు వినరు. మీ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తారు. అది ఆవిడకి తెలిసిపోతుంది."

అతను చాపిన కాళ్ళు వెనక్కి లాక్కుని ముందుకి వంగాడు. "నేర్పుతావా?"

పొమ్మంటుందని నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. హుల్డా పెన్సిలు చెవి వెనకాల పెట్టుకుంటూ, "ఆదివారం పది గంటలకి రండి. గుడ్లు మీరే తెచ్చుకోండి" అంది.

ఆ సాయంత్రం బస్టాపులో దాన్ని దులిపేశాను. "నీకు సిగ్గూ ఎగ్గూ ఉందా? నీ పొట్ట కొట్టినవాడే వాడు! ఇందుకా పక్కన కూర్చోబెట్టమన్నావ్?"

"ఇందుకేనే."

"ఎందుకూ అని!"

"సినిమాకొకసారి నేను వచ్చి కూర్చోలేను కదా. నాకు ఉద్యోగం ఉంది. వాడు నేర్చుకుంటే నా పని తప్పుతుంది." బస్సు వస్తోందేమోనని వంగి చూసింది. "అయినా ఇంతమందిలో అడిగింది వాడొక్కడేనే."

మేడక్ నాలుగు ఆదివారాలు గుడ్ల సంచీ పట్టుకుని బర్‌బాంక్ వెళ్ళాడు. వంటింట్లో కూర్చోబెట్టి హుల్డా అతనికి ఏం చెప్పేదో తెలుసా? తన చిన్నప్పటి సంగతులు చెప్పేది. వడగళ్ళ వాన, చచ్చిపోయిన దూడ, బడిలో పొయ్యి. తర్వాత అతన్ని తిరిగి చెప్పమనేది. మొదటి ఆదివారం ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయాడట. నాలుగోసారికి దూడ పేరు గుర్తుంది. ఐదో ఆదివారం రాలేదు. గోల్ఫు ఉందని కబురు కూడా పంపలేదు.

ఆ చిన్న చదువుతోనే అతను కాస్త బాగుపడ్డాడన్న మాట ఒప్పుకోవాలి. ఆ సినిమాలో తన షాట్లలో మనిషిలా కనిపించాడు. పత్రికల వాళ్ళు ఎగబడి, ఈ కొత్త లోతు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. వినడమనే విద్య తన గుర్రం దగ్గర నేర్చుకున్నానని చెప్పాడు. గుర్రంతో ఫొటో కూడా వేశారు.

పత్రిక పట్టుకుని ఊగిపోతూ హుల్డా దగ్గరికి వెళ్ళాను. అది చదివి, దగ్గొచ్చేదాకా నవ్వింది. "వాడు చెప్పేదంతా ఆ గుర్రం ఇన్నేళ్ళు విన్నది కదే, పాపం" అంది.

నలభై రెండు అక్టోబరులో ఐనెజ్ పెద్ద కారులో నన్ను కూడా ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళింది. భోజనాల వేళ. హుల్డా తలకి రుమాలు కట్టుకుని, మెట్ల మీద నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని బ్రెడ్డు తింటోంది. వాళ్ళలో ఒకామె ఏదో చెప్తుంటే మిగతావాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. హుల్డా కూడా మాట్లాడుతోంది. నాతో అన్నేళ్ళున్నా అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ మాట్లాడలేదు.

"వచ్చెయ్ హుల్డా" అంది ఐనెజ్, నల్లద్దాలు తీసి. "ఆఫీసుతో మాట్లాడాను. కొత్త సినిమాలో మేడక్ లేడు. నా కాంట్రాక్టులోనే నీ పేరు రాయిస్తాను."

"అప్పుడు రాయించాల్సిందమ్మా" అంది హుల్డా. కోపంగా అనలేదు. తారీఖు తప్పు పడిందని చెప్పినట్టు అంది.

ఐనెజ్ మొహం వాడిపోయింది. "నేను భయపడ్డాను."

"తెలుసు. నాకు కనిపించేది. మీ మొహంలో కనపడనిదంటూ ఏదీ ఉండదు కదా."

సైరన్ మోగింది. హుల్డా మిగిలిన బ్రెడ్డు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. "నేను చూసిన రెక్క గాల్లో ఊడకూడదమ్మా. లోపల వెయిట్ చేస్తున్నారు" అని, నా భుజం తట్టి, గేటులోకి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఐనెజ్‌ని గుర్తుపట్టి సంతకాల కోసం మూగారు. ఆవిడ అందరికీ సంతకాలు పెట్టింది, గేటు వైపు చూస్తూ.

ఆ తర్వాత ఐనెజ్ మరో మూడు సినిమాలు చేసింది. ఒక్కటీ నిలబడలేదు. వయసు మీద పడిందన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళకి మొహం ఎండిపోయిందని ఒక మహానుభావుడు రాశాడు. ఆ మూడింటిలోనూ పక్కన ఉన్న హీరోలు మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఇంటికి పోయేవాళ్ళే.

యుద్ధం అయ్యాక ఫ్యాక్టరీలో ఆడవాళ్ళని చాలామందిని తీసేశారు గానీ హుల్డాని ఉంచుకున్నారు. తనిఖీ విభాగం మొత్తం దాని చేతికిచ్చారు. యాభై మూడులో న్యుమోనియాతో పోయింది. శ్మశానానికి డెబ్భై మంది దాకా వచ్చారు, అందరూ ఫ్యాక్టరీ వాళ్ళే. సినిమావాళ్ళలో నేనొక్కదాన్నే. ఒక మెకానిక్ నన్ను, "మీకెలా తెలుసండీ ఈవిడ?" అని అడిగాడు. పక్క గదిలో ఉండేదని చెప్పాను.

ఐనెజ్ చివరి మూడు సినిమాలకీ జుట్టు నేనే దువ్వాను. మానేస్తానని ఒకసారి హుల్డాతో అన్నాను కూడా. "ఎందుకే, నీ పని నువ్వు బాగా చేస్తావు" అంది. మానలేదు. ప్రతి పొద్దునా ఆరింటికి ఆవిడ తల వెనకాల నిలబడి, అద్దంలో ఆవిడ నన్ను చూసి నవ్వితే నేనూ నవ్వేదాన్ని.